పిక్ అప్: దేన్ని?



బాన్సువాడలో ఏ బైక్ మెకానిక్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. ఈ మాట చెవిన పడకుండా ఉండదు. "అన్నా, బండికి పికప్ ఉంటలేదు." మెకానిక్ తల ఊపుతాడు. బండి స్టార్ట్ చేస్తాడు. రెండుసార్లు రేస్ ఇస్తాడు. ఇంజన్ చప్పుడు చెవి ఒగ్గి వింటాడు. "ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్పించినవ్ తమ్మీ?" అని అడుగుతాడు. ఫిల్టర్ విప్పి నేలకేసి కొడతాడు. గుప్పున దుమ్ము లేస్తుంది. సంగతి ఇద్దరికీ తెలిసిపోయింది. బండి వేగం అందుకోవడం లేదు.

అదే బజారులో నాలుగడుగులు వేయండి. ఒక తల్లి ఆటో అన్నకు ఫోన్ చేస్తోంది. "అన్నా, ఈ రోజు మా పాపను జర తొందరగ పికప్ చేసుకో." ఇక్కడ వేగంతో పని లేదు. బడి దగ్గరికి వెళ్లి పాపను ఎక్కించుకొని రమ్మంటోంది. ఇంకొంచెం ముందుకు వెళ్తే కూరగాయల బస్తాలు దించుతున్న బండి ఉంటుంది. దాని పేరే పికప్. ఆ పక్కనే బట్టల దుకాణం. గల్లా మీద కూర్చున్న సేటును వ్యాపారం ఎట్లుందని అడగండి. "ఇంకా పికప్ కాలే సార్, వడ్ల పైసలు పడాలె" అంటాడు.

ఒక్క బజారు. ఒక్క మాట. నాలుగు అర్థాలు. ఎవరూ తికమక పడలేదు. ఎవరూ డిక్షనరీ తీయలేదు.

ఇప్పుడు నస్రుల్లాబాద్‌లో ఎనిమిదో తరగతి చదివే పిల్లను ఊహించుకోండి. సాయంత్రం ఇంగ్లీషు పుస్తకం ముందేసుకొని కూర్చుంది. పాఠంలో ఒక చోట పిక్ అప్ అని వచ్చింది. పిక్ అంటే ఏరడం అని నేర్చుకుంది. అప్ అంటే పైకి అని నేర్చుకుంది. రెండూ కలిపితే పైకి ఏరడం. వాక్యం చూస్తే పిల్లవాడు భాషను పైకి ఏరాడని వస్తోంది. పాపం, ఆ పిల్ల పుస్తకం మూసేస్తుంది. తనకు ఇంగ్లీషు రాదనుకుంటుంది. పొద్దున్నే ఆటో అన్నతో అదే మాట అన్నది ఆ పిల్లే.

ఈ రోజు ఈ ఒక్క మాట గురించే మీతో మాట్లాడతాను. పిక్ అప్. దాన్ని పట్టుకోవడానికి ఒకే ఒక్క ఉపాయం చెప్తాను. ఆ ఉపాయం ఒక చిన్న ప్రశ్న. దేన్ని? అంతే. పిక్ అప్ అని ఎక్కడ వినబడినా, ఎక్కడ కనబడినా, వెంటనే మనసులో అడగండి. దేన్ని? ఎవరిని?

ఇది ఇప్పుడు ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. పిల్లలకు రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు. ఒక పక్క పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. మంచి ఆలోచన. సైన్సు పాఠంలో కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లీషులో ఏమంటారో పక్క పేజీ చూసి తెలుసుకోవచ్చు. అంత పెద్ద మాటను పిల్లలు భయం లేకుండా నేర్చుకుంటున్నారు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తున్నారు. కానీ పెద్ద మాటకు అర్థం ఒక్కటే ఉంటుంది. ఎక్కడికి పోయినా అది మారదు. పిల్లల్ని ఆపేసేవి చిన్న మాటలు. పిక్, గెట్, టేక్, పుట్, గో. వాటి పక్కన అప్, ఆఫ్, ఔట్, ఆన్ చేరితే ఇక కాలు జారుతుంది.

ఇది మన పిల్లల తెలివికి సంబంధించిన లోపం కాదు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో పెద్ద నిఘంటువు వేశాడు. ఆ నిఘంటువు ముందుమాటలోనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరాయి వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ కష్టమని రాశాడు. అంటే ఆ భాషకు నిఘంటువు రాసిన మనిషే ఈ మాట అన్నాడు. ఇలాంటి జంట మాటలకు ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది మాత్రం చాలా తర్వాత. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన రాసిన పుస్తకంతో ఆ పేరు స్థిరపడింది. పేరు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. పని గుర్తుపెట్టుకోవాలి.

అసలు మన తెలుగులో ఇలాంటివి లేవా? బోలెడు ఉన్నాయి. ఎత్తు అనే మాట తీసుకోండి. బిడ్డను ఎత్తుకుంటాం. కాలువలోంచి నీళ్లు ఎత్తిపోస్తాం. కోడలి తప్పును అత్త ఎత్తిచూపుతుంది. పాత మాట పట్టుకొని ఎత్తిపొడుస్తుంది. దొంగ కోడిని ఎత్తుకుపోతాడు. సర్కారు ఒక పన్నును ఎత్తివేస్తుంది. ఎత్తు అన్న మాట ఒక్కటే. పక్కన పోయు చేరితే ఒక పని. చూపు చేరితే ఇంకో పని. పొడుచు చేరితే గుండెలో ముల్లు. మన తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయుడు ఎత్తిపొడవడం దగ్గర ఎంత అవస్థ పడతాడో ఆలోచించండి. ఎత్తడం ఏమిటి, పొడవడం ఏమిటి, రక్తం రాలేదేమిటి అని అడుగుతాడు. మనకు ఆ అవస్థ లేదు. ఎందుకు లేదు? మనం ఎత్తును విడిగా, పొడుచును విడిగా నేర్చుకోలేదు కాబట్టి. వాక్యంతో పాటే నేర్చుకున్నాం.

రైతులకు ఇంకా తేలికగా చెప్తాను. ట్రాక్టర్ ఒక్కటే. వెనక కల్టివేటర్ తగిలిస్తే దుక్కి దున్నుతుంది. రోటవేటర్ తగిలిస్తే మట్టిని పొడి చేస్తుంది. ట్రాలీ తగిలిస్తే వడ్లు మోసుకొస్తుంది. వెనక ఏముందో చూడకుండా ట్రాక్టర్ ఏం పని చేస్తుందని అడిగితే జవాబు ఉండదు. పిక్ అనే మాట కూడా అంతే. వెనక ఔట్ తగిలిస్తే వేరు పని. బియ్యంలో రాళ్లు ఏరడం పిక్ ఔట్. పది చీరల్లోంచి ఒక్కటి ఎంచుకోవడమూ పిక్ ఔట్. వెనక ఆన్ తగిలిస్తే ఇంకో పని. తరగతిలో ఒక్క పిల్లవాణ్నే పట్టుకొని అందరూ ఏడిపిస్తుంటే అది పిక్ ఆన్. వెనక అప్ తగిలించారా, ఈ రోజు మన మాట తయారైంది.

అప్ తగిలించాక మళ్లీ అర్థాలు పది రకాలు. అక్కడే మన ప్రశ్న పనికొస్తుంది. దేన్ని? ఎవరిని?

కింద పడ్డ పెన్నునా? అయితే వంగి చేతిలోకి తీసుకోవడం. ఏడుస్తున్న చంటిపిల్లనా? అయితే ఎత్తుకోవడం. బస్సు ఎక్కే జనాన్నా? అయితే ఎక్కించుకోవడం. బాన్సువాడ డిపో బస్సు దారిలో నస్రుల్లాబాద్ దగ్గర ఆగి నలుగురిని ఎక్కించుకుంటే, ఇంగ్లీషులో ద బస్ పిక్డ్ అప్ ఫోర్ పీపుల్ అంటారు. వస్తూ వస్తూ దుకాణంలో పాల ప్యాకెట్ తీసుకొని రమ్మంటే అదీ పిక్ అప్. నిజామాబాద్ స్టేషన్లో రైలు దిగిన బావగారి కోసం వెళ్లి వెంటబెట్టుకొని వస్తే అదీ పిక్ అప్. చూశారా, బావగారైతే వెంటబెట్టుకొని రావడం. పాల ప్యాకెట్ అయితే తీసుకొని రావడం. చంటిపిల్ల అయితే ఎత్తుకోవడం. తెలుగులో ఒక్కో దానికి ఒక్కో మాట ఉంది. ఇంగ్లీషువాడు అన్నిటికీ ఒకే మాట వాడాడు. అందుకే ఒకే తెలుగు మాట పట్టుకొని పిక్ అప్ అర్థం ఇదీ అనుకుంటే కుదరదు. దేన్ని అని అడిగితే, తెలుగు మాట తనంతట తనే నోటికి వస్తుంది.

వస్తువులు, మనుషులు అయిపోయారు. ఇప్పుడు చేత్తో పట్టుకోలేని వాటి దగ్గరికి వద్దాం. నా మటుకు నాకు పిక్ అప్‌లో అన్నిటికంటే ఇష్టమైన అర్థం ఇక్కడే ఉంది. దాని దగ్గర కాసేపు ఆగుతాను.

మీ రేడియో ఇప్పుడు ఏం చేస్తోంది? గాలిలో వస్తున్న తరంగాన్ని అందుకుంటోంది. దాన్ని కూడా పిక్ అప్ అంటారు. రేడియో దేన్ని పిక్ అప్ చేస్తుంది? సిగ్నల్‌ని. మరి మనిషి చెవి దేన్ని పిక్ అప్ చేస్తుంది? భాషను.

మన బాన్సువాడ చుట్టుపక్కల తండాలు చాలా ఉన్నాయి. తండా పిల్ల ఇంట్లో అమ్మతో లంబాడీ మాట్లాడుతుంది. బడికి వస్తే తెలుగు. బజారుకు పోతే ఉర్దూ కలిసిన హిందీ. మద్నూర్, జుక్కల్ వైపు వెళ్తే మరాఠీ, కన్నడం కూడా పిల్లల నోట దొర్లుతుంటాయి. ఇటు మహారాష్ట్ర, అటు కర్ణాటక కదా. ఈ పిల్లలకు మరాఠీ ఎవరు నేర్పారు? ఏ పుస్తకం చదివారు? ఎవరూ నేర్పలేదు. ఏ పుస్తకమూ చదవలేదు. సంతలో విన్నారు. పెళ్లిలో విన్నారు. ఆటలో విన్నారు. వంటబట్టింది. ఈ వంటబట్టడాన్నే ఇంగ్లీషులో పిక్ అప్ ఎ లాంగ్వేజ్ అంటారు. లర్న్ అంటే కూర్చొని నేర్చుకోవడం. పిక్ అప్ అంటే నలుగురిలో తిరుగుతూ వంటబట్టించుకోవడం.

మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన అన్నలను అడగండి. దుబాయి, మస్కట్, కువైట్ పోయేనాడు చాలామందికి తెలుగు తప్ప వేరే భాష రాదు. క్యాంపు గదిలో పక్క మంచం మీద కేరళ మనిషి ఉంటాడు. ఎదురు మంచం మీద బీహార్ మనిషి. పనిలో ఫోర్‌మన్ ఇంకో భాష. తిరిగి వచ్చేసరికి హిందీ వచ్చేసింది. కొంత అరబ్బీ వచ్చింది. పనికి సరిపడా ఇంగ్లీషూ వచ్చింది. పగలంతా ఎండలో పని, రాత్రి వంట, ఇంటికి ఫోను. భాష కోసం ఒక్క గంట కూడా విడిగా కేటాయించలేదు. అయినా వచ్చింది. అలాంటి నాన్న ఇంట్లో ఉంటే పిల్లల చదువుకు ఆయన పనికిరాడని ఎవరూ అనుకోవద్దు. పిక్ అప్ అంటే ఏమిటో ఆయన బతుకులో ఉంది. పాపను ఆయన పక్కన కూర్చోబెట్టండి. కంపెనీ బండి పొద్దున మిమ్మల్ని ఎక్కడ పికప్ చేసేది, అరబ్బీ ఎట్లా పికప్ చేశారు అని అడగమనండి. ఆయన చెప్పే రెండు ముచ్చట్లలో రెండు అర్థాలూ దొరుకుతాయి.

భాష ఒక్కటే కాదు. అలవాటు కూడా ఇలాగే అంటుకుంటుంది. మంచి అలవాటైనా, చెడు అలవాటైనా. జలుబు అంటుకుంటుంది. దాన్నీ పిక్ అప్ అంటారు. పొలం పనిలో మెలకువ, వంటలో నేర్పు, చూసి చూసి వచ్చేవన్నీ పిక్ అప్. ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండా మన దగ్గరికి వచ్చి చేరేవి. దేన్ని? భాషను, అలవాటును, జలుబును, పనితనాన్ని. ఈ నాలుగింటికీ తెలుగులో వంటబట్టడం, అంటుకోవడం అనే మాటలు సరిపోతాయి.

పత్రికల్లో ఇంకో వాడుక కనబడుతుంది. పోలీసులు ఫలానా మనిషిని పిక్ అప్ చేశారని రాస్తారు. అక్కడ ఎక్కించుకొని ఇంటి దగ్గర దించారని కాదు. అదుపులోకి తీసుకున్నారని అర్థం. ఎవరిని అనే ప్రశ్నతో పాటు, ఎవరు అనేది కూడా చూడాలన్నమాట. హోటల్లో బిల్లును పిక్ అప్ చేశాడంటే బిల్లు తానే కట్టాడని. వీటి దగ్గర ఇంతకంటే ఆగాల్సిన పని లేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. దేన్ని అని అడిగితే జవాబు రాకపోతే?

బట్టల దుకాణం సేటు మాట గుర్తుందా? వ్యాపారం ఇంకా పికప్ కాలేదు. దేన్ని? జవాబు లేదు. వ్యాపారం దేన్నీ ఎత్తడం లేదు. దేన్నీ ఎక్కించుకోవడం లేదు. ఇలా జవాబు లేనప్పుడు అర్థం చాలావరకు రెండే రెండు. ఒకటి, పుంజుకోవడం. రెండు, ఫోన్ ఎత్తడం. మళ్లీ చెప్తాను. దేన్ని అంటే జవాబు ఉంటే, ఆ జవాబే అర్థం చెప్తుంది. జవాబు లేకపోతే, పుంజుకోవడమైనా కావాలి, ఫోన్ ఎత్తడమైనా కావాలి.

పుంజుకోవడం మన రైతులకు బాగా తెలిసిన పని. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. ఒక్కో ఏడు వచ్చి ముఖం చాటేస్తాయి. మబ్బు పడుతుంది, చినుకు పడదు. జూలైలో వానలు ఊపందుకుంటాయి. ఆ రోజు ఇంగ్లీషు పేపర్లో మాన్సూన్ పిక్స్ అప్ అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. వానలు పుంజుకున్నాయని. మంజీర నదికి వరద వస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కు నీళ్లు చేరతాయి. కాలువకు నీళ్లు వదిలితే నాట్లు ఊపందుకుంటాయి. అదీ పిక్ అప్. కూలీల కోసం వెతుకులాట మొదలవుతుంది. కోతలయ్యాక వడ్లు కొనుగోలు సెంటర్‌కు పోతాయి. తూకం అవుతుంది, లారీ వస్తుంది, పైసలు ఖాతాలో పడతాయి. అప్పుడు బజారులో గిరాకీ పుంజుకుంటుంది. అదీ పిక్ అప్. సేటు వడ్ల పైసల కోసం ఎందుకు ఎదురుచూస్తున్నాడో ఇప్పుడు తెలిసింది కదా. జ్వరంతో పడుకున్న మనిషి కోలుకుంటున్నా ఇదే మాట అంటారు. గాలి జోరందుకున్నా ఇదే మాట.

మెకానిక్ షాపులో విన్న పికప్ కూడా ఈ ఇంటిదే. అక్కడ దేన్ని అంటే జవాబు ఉంది. వేగాన్ని. బండి వేగం అందుకోవడాన్ని పిక్ అప్ స్పీడ్ అంటారు. దాన్ని కుదించి బండికి పికప్ లేదు అని మనం ఒక గుణంగా మార్చుకున్నాం. మన మెకానిక్ నోట అది నిఖార్సైన మాట.

ఇక ఫోన్ సంగతి. కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. అమ్మ ఫోన్ చేసింది. రింగ్ అవుతోంది. "లేపుతలేడు" అంటుంది అమ్మ. పక్కనున్న చిన్న కోడలు ఇంగ్లీషు కలిపి "లిఫ్ట్ చేస్తలేడు అత్తమ్మా" అంటుంది. మన దేశంలో ఫోన్ లిఫ్ట్ చేయడం అనేది అలవాటైన మాట. మనలో మనకు అర్థమవుతుంది, ఇబ్బంది లేదు. కానీ బయటి దేశాల్లో హి ఈజ్ నాట్ పికింగ్ అప్ అంటారు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయే పిల్లలు ఈ తేడా తెలుసుకోవడం మంచిది.

లిఫ్ట్‌కూ పిక్ అప్‌కూ ఇంకో తేడా మన రోడ్డు మీదే ఉంది. నస్రుల్లాబాద్ స్టేజీ దగ్గర నిలబడి వచ్చే బండికి చెయ్యి ఎత్తారు. తెలియని మనిషి ఆపి ఎక్కించుకున్నాడు. అది లిఫ్ట్ ఇవ్వడం. నేను ఐదింటికి వస్తాను, స్టేజీ దగ్గర ఉండు అని ముందే మాట్లాడుకొని వచ్చి ఎక్కించుకుంటే పికప్ చేసుకోవడం. మన వాడుకలో ఒప్పందం ఉందా లేదా అన్నదే తేడా. ఎక్కించుకోవడం పికప్ అయితే దించడం ఏమిటి? డ్రాప్ ఆఫ్. మనం ఉత్త డ్రాప్ అంటాం. నన్ను బస్టాండ్ దగ్గర డ్రాప్ చెయ్యి అంటాం. చక్కగా అర్థమవుతుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం డ్రాప్ మీ ఆఫ్ అని ఆఫ్ చేర్చండి.

అర్థం తేలింది కదా అని ఇక్కడితో వదిలేస్తే సగం పనే అవుతుంది. వాక్యం కట్టాలి. వాక్యం కట్టేటప్పుడు మన పిల్లలు ఒక్క చోట దాదాపు ఎప్పుడూ తడబడతారు. ఎక్కడో చెప్తాను. జాగ్రత్తగా వినండి.

అమ్మాయి పేరు లత అనుకుందాం. లతను పికప్ చేసుకుంటాను అనాలి. ఐ విల్ పిక్ అప్ లత. సరైనదే. ఐ విల్ పిక్ లత అప్. ఇదీ సరైనదే. పేరు చివర్న పెట్టొచ్చు, నడుమ పెట్టొచ్చు. కానీ పేరు బదులు ఆమెను అనాలనుకోండి. ఇంగ్లీషులో హర్. అప్పుడు ఐ విల్ పిక్ హర్ అప్ అనే అనాలి. హర్ నడుమలోనే కూర్చుంటుంది. పిక్ అప్ హర్ అనకూడదు. నిన్ను పికప్ చేసుకుంటా అంటే పిక్ యు అప్. దాన్ని తీయి అంటే పిక్ ఇట్ అప్. వాళ్లను ఎక్కించుకో అంటే పిక్ దెమ్ అప్. అతను, ఆమె, అది, వాళ్లు, నువ్వు, నేను అని చెప్పే చిన్న మాటలన్నీ నడుమలోనే. ఇంకోసారి చెప్తాను. పేరు అయితే ఎక్కడైనా. పేరు బదులు వచ్చే మాట అయితే నడుమలోనే.

ఎందుకలా? ఇంగ్లీషు వాక్యంలో చివర కూర్చునే మాట మీద బరువు పడుతుంది. కొత్త సంగతి చివరికి వస్తుంది. లత అని పేరు చెప్తే అది కొత్త సంగతి కావచ్చు. ఆమె అన్నామంటే ఎవరో ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసిన మాటకు బరువు అక్కర్లేదు. అందుకే దాన్ని నడుమలోకి జరిపి, చివర అప్‌ను నిలబెడతారు. కారణం తెలిస్తే పిల్లలు మరిచిపోరు. ఊరికే బట్టీ పట్టిస్తే పరీక్ష మర్నాటికే మరుస్తారు. ఉపాధ్యాయ మిత్రులకు ఇది నా విన్నపం. హైదరాబాద్‌లో 1958లోనే ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ ఒకటి పెట్టారు. ఇప్పుడది ఇఫ్లూ పేరుతో విశ్వవిద్యాలయం. ఇంగ్లీషును ఎలా చెప్పాలన్న దాని మీద మన రాష్ట్రంలోనే ఇన్నేళ్లుగా పని జరుగుతోంది. ఆ పని ఫలితం ఊరి బడి బల్ల దాకా రావాలంటే, ఎందుకు అని అడిగిన పిల్లకు జవాబు దొరకాలి.

చెవి సంగతి కూడా చెప్పాలి. రేడియోలో చెప్పదగ్గదే ఇది. పుస్తకంలో పిక్, ఇట్, అప్ అని మూడు మాటలు విడివిడిగా ఉంటాయి. ఇంగ్లీషు వాళ్లు మాట్లాడితే మూడూ కలిసిపోతాయి. పికిటప్. పిక్ దెమ్ అప్ అన్నది పికెమప్ అని వినబడుతుంది. పిక్డ్ అప్ అన్నది పిక్టప్ అవుతుంది. పుస్తకంలో చదివిన పిల్లకు చెవిన పడిన పికిటప్ ఏదో కొత్త మాటలా తోస్తుంది. కంపెనీ ఫోన్ కాల్ వస్తే గాబరా పడుతుంది. మనమూ తెలుగులో అంతే కదా. ఏమి అయింది అని రాస్తాం. ఏమైంది అంటాం. కాబట్టి చదివించేటప్పుడు విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి పైకి అనిపించండి. పిక్ ఇట్ అప్, పికిటప్. పిక్ దెమ్ అప్, పికెమప్. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఈ ఆట ఆడుకోవచ్చు. చెంచా కింద పడితే చాలు.

అమ్మలకు, నాన్నలకు ఒక మాట. మార్కెట్లో వెయ్యి ఫ్రేజల్ వెర్బులు, రెండు వేల ఫ్రేజల్ వెర్బులు అని లావు పుస్తకాలు అమ్ముతారు. ఎదురెదురుగా మాట, అర్థం, మాట, అర్థం. పిల్లలకు అవి కొనివ్వడం కంటే ఒక్క మాటను పట్టుకొని ఊరంతా తిప్పడం మేలని నా నమ్మకం. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మన నస్రుల్లాబాద్ కూడా మండలం అయింది. ఆఫీసులు వచ్చాయి, బడులున్నాయి, బస్సులున్నాయి, బజారుంది. పిక్ అప్ అనే మాటకు కావాల్సిన ఉదాహరణలన్నీ ఇక్కడే దొరుకుతాయి. దూరం పోనక్కర్లేదు.

ఈ రోజు సాయంత్రం పిల్లలతో ఈ పని చేయించండి. ఒక కాగితం తీసుకోమనండి. ఈ రోజు ఇంట్లో, దారిలో, బడిలో పికప్ అయిన వాటిని రాయమనండి. ఆటో ఎవరిని ఎక్కించుకుంది? కింద పడ్డ దేన్ని ఎవరు తీశారు? ఎవరికి జలుబు అంటుకుంది? ఎవరి ఫోన్ ఎవరు ఎత్తలేదు? బోరు కింద నాట్లు ఊపందుకున్నాయా? ముందు తెలుగులో చెప్పమనండి. తర్వాత ఒక్కోదాన్ని ఇంగ్లీషులో కట్టమనండి. ప్రతి వాక్యం దగ్గర మీరు అడగాల్సింది ఒక్కటే. దేన్ని? జవాబు ఉంటే ఆ మాట వాక్యంలో ఉందో లేదో చూడండి. జవాబు లేకపోతే పుంజుకోవడమా, ఫోనా అని చూడండి. పేరు బదులు హిమ్, హర్, ఇట్, దెమ్ రాసి ఉంటే అది పిక్‌కూ అప్‌కూ నడుమ ఉందో లేదో చూడండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఈ తనిఖీ చేయగలరు. ఆ ఒక్క మాట పుస్తకంలో ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించమంటే చాలు.

ఐదు వాక్యాలు వస్తే ఆ రోజుకు చాలు. రేపు పిక్ బదులు పుట్ తీసుకోండి. పుట్ ఆన్ అంటే అడగండి: దేన్ని? చొక్కానా, లైటునా, బరువునా?